లోడుకే ముందు దారి

మొన్న పొద్దున ఒక ఇంజనీరు అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఉద్యోగం చేసి రిటైరైన టౌన్‌షిప్‌లోనే ఇప్పుడు తనూ పనిచేస్తోందట. "సార్, మన నడక బజారు మధ్యలోంచి బండ్లు దాటడానికి దారి ఇవ్వాలా వద్దా అని ఇక్కడ కమిటీ వేశారు. మీ కాలంలో కూడా ఇలాంటి కమిటీ ఒకటి వేశారటగా. అప్పుడు ఏం తేల్చారో గుర్తుందా?" అని అడిగింది.

నవ్వాగక ఫోను పక్కన పెట్టి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది. గుర్తుండకపోవడమేమిటి తల్లీ! ఉద్యోగంలో చేరిన రోజు మరిచిపోయాను, ప్రమోషన్ వచ్చిన రోజు మరిచిపోయాను, ఆ ఆదివారం మాత్రం మరిచిపోలేదు. అంతా ఫోనులో చెప్పలేను, రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక, కొత్తగా కొలువుల్లో చేరి కమిటీల్లో కూచోబోయే పిల్లలందరూ చదివితే మంచిదే అనిపించింది. చదవండి నాయనా. ఏ కమిటీ మీటింగు కన్నా ఇది తొందరగానే అయిపోతుంది.

మాది బస్తర్ కొండల్లో ఇనుప గని. కొండ మీద గని, కొండ కింద టౌన్‌షిప్. ఆరేసిన బట్టల మీద, దేవుడి పటాల మీద, వడ్డించిన విస్తట్లో ఒకటే ఎర్ర దుమ్ము. నేను భద్రాచలం వైపు నుంచి వెళ్లి టౌన్‌షిప్ ఆఫీసులో సివిల్ సూపర్‌వైజర్‌గా చేరాను. రోడ్లు, మురిక్కాలవలు, వీధిదీపాలు, బజారు నా కిందికి వచ్చేవి. వాటికి మెచ్చుకోళ్లు వస్తే పై ఆఫీసర్లకి, తిట్లు వస్తే నాకు. పని అంత స్పష్టంగా పంచారు.

మా ఊరికి బజారు వీధి ఒక్కటే. దానికి తూర్పున బంగళాలు, పడమట ఆఫీసూ క్లబ్బూ. ఒకప్పుడు ఆ వీధిలో లారీలు, జీపులు, స్కూటర్లు అన్నీ తిరిగేవి. అప్పుడున్న పెద్ద సాబ్ ట్రైనింగుకని విదేశం వెళ్లి, అక్కడ ఒక వీధిలో బండ్లు లేకుండా మనుషులు నడుస్తూ ఉండడం చూసి ముగ్ధుడైపోయాడు. తిరిగొచ్చిన వారంలోనే మా బజారుకి రెండు చివరలా ఇనుప గొట్టాలు పాతించి, బండ్లకు నిషేధం పెట్టి, 'పాదచారుల విహార వీధి' అని బోర్డు రాయించాడు. మా ఊళ్లో నూటికి తొంభై మందికి కాళ్లు తప్ప వేరే బండి లేదు. పుట్టిన దగ్గర్నుంచీ నడుస్తున్నవాళ్లకి ఇకమీదట నడవవచ్చని అనుమతి ఇచ్చి, రిబ్బన్ కత్తిరించి, లడ్డూలు పంచారు. పూలకుండీలు పెట్టించాడు, వాటిని మేకలు తిన్నాయి. బెంచీలు వేయించాడు, వాటి మీద నైట్ షిఫ్టు దిగినవాళ్లు పడుకునేవారు.

అయినా ఒక్క మంచి జరిగింది. ఆ వీధికి సరిగ్గా మధ్యలో, అటు దుకాణాల వరసనీ ఇటు వరసనీ చీలుస్తూ అడ్డంగా ఒక సందు ఉండేది. కొండ మీది ఊళ్ల నుంచి కాలిబాట ఆ సందులోకే దిగేది. బండ్లు ఆగిపోయాక ఆ సందు నోట్లో ఒకావిడ ఎండుచేపల గంప పెట్టుకుని కూచోవడం మొదలుపెట్టింది. కొంటా నుంచి వచ్చిన తెలుగావిడ. అందరూ కొంటా అక్క అనేవాళ్లం. శబరి ఒడ్డు చేపలు ఎండబెట్టి తెచ్చేది. అంతకుముందు ఆమె బస్టాండు దగ్గర కూచునేది. ఒకసారి లారీ వెనక్కి వస్తూ ఆమె గంప మీదుగా పోయింది. తను పక్కకు దొర్లి బతికింది గానీ కాలు మాత్రం కుంటిదై మిగిలింది.

ఆమెతో మనం తెలుగులో మాట్లాడుతుంటే, మధ్యలో ఒకరికి గోండీలో జవాబు చెప్పి, ఇంకొకర్ని హల్బీలో తిట్టి, దుకాణదారుతో హిందీలో బేరమాడి, మళ్లీ మన మాట దగ్గరికే వచ్చేది. ఆదివారం సంతకి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చుకునే కొండ ఊళ్ల ఆడవాళ్లు ఆమె చుట్టూ వరసగా కూచునేవాళ్లు. దానికో కారణం ఉంది. కోచియాలని దళారులు ఉండేవారు. దారికాసి, నెత్తి మీది మూట దింపించి, చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు లాక్కుని పోయేవారు. సరుకు కొంటా అక్క దాకా వస్తే మాత్రం వాళ్ల ఆటలు సాగేవి కావు. "ఏయ్, తూకం ఎయ్యకుండ మూట ముట్టినవంటే చెయ్యి ఇరిచి నా గంపలో ఎండబెడత" అని ఆమె నాలుగు భాషల్లోనూ అనగలదు. అందుకే ఆ ఆడవాళ్లకు ఆ సందు నోరు చాలా ముఖ్యం.

ఇంతలో పాత పెద్ద సాబ్ బదిలీ అయి, కొత్త పెద్ద సాబ్ వచ్చాడు. ఈయనకి తెల్ల అంబాసిడర్ కారుంది, సాయంత్రం క్లబ్బులో పేకాట ఉంది. బంగళా నుంచి క్లబ్బుకి పోవాలంటే బజారు మూసేశారు గనక, ఖనిజం లోడు చేసే చోటు మీదుగా చుట్టు తిరిగి పోవాలి. తెల్ల కారు బంగళాలో బయలుదేరి క్లబ్బుకి చేరేసరికి పసుపు కుంకాలు చల్లిన పెళ్లికూతురిలా ఉండేది. డ్రైవరు రోజంతా దాన్ని కడుగుతూనే ఉండేవాడు. నెల తిరగకుండానే కమిటీ పుట్టింది. 'బజారు మధ్యలో ఉన్న సందు గుండా వాహనాలు దాటుటకు అనుమతించు విషయమై పరిశీలన.' కారణం అంబులెన్స్.

మొదటి మీటింగులో అందరూ అంబులెన్స్ గురించే మాట్లాడారు. ప్రాణం విలువ గురించి, క్షణం విలువ గురించి పెద్ద సాబ్ గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. చివర్లో ఆసుపత్రి డాక్టరు, పాపం కొత్తవాడు, చెయ్యెత్తాడు. "సార్, ఆసుపత్రి గనివైపే ఉంది కదా. మా అంబులెన్స్ ఎప్పుడూ బజారు వైపు రాదు, రావాల్సిన పనీ లేదు" అన్నాడు. పెద్ద సాబ్ చిరునవ్వుతో, "డాక్టరుగారు అంబులెన్స్ సౌకర్యం పట్ల ఆసక్తి కనబరిచారని రాయండి" అని నాకు చెప్పాడు. రాశాను.

దుకాణదారుల నాయకుడు లేచాడు. బండ్లు ఆపినప్పుడు మా వ్యాపారం మట్టికొట్టుకుపోతుందని గోల చేసినవాడు ఆయనే. ఇప్పుడు బండ్లు వస్తే మా వ్యాపారం మట్టికొట్టుకుపోతుందన్నాడు. యూనియన్ నాయకుడు బల్ల గుద్ది, వీధి మూయడం కార్మిక వ్యతిరేకం, తెరవడం ఇంకా కార్మిక వ్యతిరేకం అన్నాడు. మరి ఏం చేద్దామని అడిగితే, టీ ఇంకా రాలేదేమిటని అడిగాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, దారి ఇవ్వాలా వద్దా తేలకముందే దానికి ఏ సాబ్ పేరు పెట్టాలన్న చర్చ కూడా ఆ రోజే అయింది.

రెండో మీటింగుకి సేఫ్టీ ఆఫీసరు ఒక ఉపాయం తెచ్చాడు. ఆయనది కోస్తా. మనిషి మంచివాడే గానీ, ఇంట్లో మెట్లు దిగేటప్పుడు కూడా హెల్మెట్ పెట్టుకునే రకం. "ఏవండీ, కొట్టుకోవడం ఎందుకు? ఓ ఆదివారం ట్రయల్ వేద్దాం. బండ్లు దాటడానికి రూల్సు కావాలంటారు, అవి కొత్తగా రాయక్కర్లేదు. గనిలో డంపర్లు దాటే రూల్సు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి కదా! 'గని' అన్నచోట 'బజారు' అని వేస్తే సరి" అన్నాడు. పెద్ద సాబ్‌కి ఆ మాట చాలా నచ్చింది. గనిలో పెరిగిన వాళ్లం నాయనా, మాకు లోకమంతా గనే. ఆ పొరపాటు చెయ్యడానికి మాకంటే అర్హులు ఎక్కడా దొరకరు.

రాసే పని నాకు పడింది. గని రూల్సు ముందు పెట్టుకుని కూచున్నాను. దాటే చోట జెండా పట్టుకుని ఫ్లాగ్‌మన్ ఉండాలి. ఎర్ర జెండా ఎత్తితే ఎంతటివాడైనా ఆగాలి. చిన్న బండ్లు ఖనిజం మోసే పెద్ద డంపర్ల కంట పడాలి గనక వాటికి పొడుగు కర్ర కట్టి దాని కొసన జెండా ఎగరెయ్యాలి. దారికి అటూ ఇటూ డంపర్ చక్రంలో సగం ఎత్తున మట్టికట్ట వెయ్యాలి. ఇక అన్నిటికన్నా పెద్ద రూలు, లోడుకే ముందు దారి. ఎదురుగా ఖాళీ బండి వస్తే, లోడు బండి దాటిపోయేదాకా ఖాళీది ఆగాలి. నిండు బరువుతో ఉన్నదాన్ని ఆపడం ప్రమాదం, ఖాళీదానికి ఆగితే పోయేదేం లేదు.

ఆ చివరి రూలు దగ్గర ఆగాను. మా బజారులో బియ్యం బస్తాలు వీపున మోసే హమాలీలున్నారు, తోపుడుబండ్లున్నాయి. మరి వాళ్ల సంగతేమిటని సేఫ్టీ ఆఫీసర్ని అడిగాను. "అవునండోయ్, బస్తాతో వచ్చేవాణ్ని ఆపితే నడుం పట్టేస్తుంది. రాసెయ్యండి, బండి గానీ మనిషి గానీ, బరువు మోస్తున్నవారికే ముందు దారి అని" అన్నాడు. అలాగే రాశాను. ఆయన సంతకం పెట్టాడు, పెద్ద సాబ్ సంతకం పెట్టాడు. చదివి పెట్టారా అని మీరు అడగకూడదు. పెద్దవాళ్లు సంతకాలు పెడతారు, చదవడం కిందివాళ్ల పని.

ఇక మిగిలింది కొంటా అక్కని లేపడం. సందు నోట్లోంచి బండ్లు పోవాలంటే ఆమె లేవాలి, ఆమె చుట్టూ ఉన్నవాళ్లూ లేవాలి. బస్టాండు వెనక మరుగుదొడ్ల పక్కన వాళ్లకి జాగా చూపించమని ఆర్డరు. చెప్పే పని ఎవరిదనుకున్నారు? పిల్లి మెడలో గంట కట్టడానికి మా ఆఫీసులో ఎప్పుడూ నేనొక్కణ్నే ఎలకని.

ఆమె నన్ను రెండు రకాలుగా పిలిచేది. పని పడితే 'తమ్ముడా', కోపమొస్తే 'సారూ'. ఆ రోజు చూడగానే నా ముఖం చదివేసింది.

"ఏంది సారూ, గింత పొద్దున్నే వచ్చినవ్?"

చెప్పాను. ఆమె చేపలు సర్దుతున్న చెయ్యి ఆపలేదు.

"ఈ బజారు నడిచేటోళ్ల కోసమే అన్నరు గదా. లడ్డు గూడ పెట్టిన్రు. మరి మేము ఎగిరి వస్తన్నమా?"

"ట్రయలే అక్కా. ఒక్క ఆదివారమే."

"మీ ట్రయలు నాకు తెల్వదా? బస్టాండు కాడ లారీ గూడ ట్రయలుకే ఎనకకొచ్చింది." కుంటికాలు చాపి చూపించింది. "నా సంగతి ఇడువు. నేనైతే గంపెత్తుకోని కొంటాకు పోత. ఈ కొండ పిల్లలేం గావాలె? దొడ్ల కాడికి పోవాల్నంటే బస్టాండు దాటి పోవాలె. ఆడ కోచియాలు బీడీలు తాగుకుంట కూసోని ఉంటరు. ఆ దొడ్లు చేరేదాంక ఒక్క మూటన్న మిగుల్తదా?"

ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదని నాకు తెలుసు. కానీ నెలజీతంగాడికి తెలియడం వేరు, చెయ్యడం వేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒకటి అనాలి గనక, "మీరు దాటడానికి ఇబ్బందేం ఉండదులే. ఫ్లాగ్‌మన్ ఉంటాడు. బరువుతో వచ్చేవాళ్లకే ముందు దారని రూలు పెట్టాం. ఎంత పెద్ద కారైనా ఖాళీగా వస్తే ఆగాల్సిందే" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరైనా?"

"ఎవరైనా."

"గంప గూడ బరువేనా?"

"గంప బరువు కాకపోతే మరేమిటి? రోజూ మోస్తున్నావుగా, నీకే తెలియాలి."

"నాకు తెల్సు. మీ రూలుకు తెల్సా అని అడుగుతన్న."

"రూలుకీ తెలుసు" అన్నాను. ఆమె జుట్టు ముడి విప్పి మళ్లీ గట్టిగా వేసుకుంది. "అట్లనా. సరే పో తమ్ముడా, ఆదివారం లేస్తం" అంది. సారు కాస్తా తమ్ముడెందుకయ్యాడో నాకప్పుడు వెలగలేదు. పని అయిపోయింది, బతికాను రా దేవుడా అనుకుంటూ వచ్చేశాను.

ఇక్కడ ఫ్లాగ్‌మన్ గురించి చెప్పాలి. గీదం వైపు మనిషి. గనిలో డంపర్ల దారి మీద ఏళ్ల తరబడి జెండా పట్టినవాడు. ఖాకీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని, విజిల్‌కి ఎర్ర తాడు కట్టుకుని, నిద్రలో కూడా నిటారుగా ఉండేవాడని వాళ్లావిడ చెప్పేది. ఆలోచించడమనే అలవాటు లేదు. జెండా ఎత్తమంటే ఎత్తుతాడు, దించమనే రూలు వచ్చేదాకా దించడు. ఒకసారి గనిలో ఈ కొత్త పెద్ద సాబ్ జీపునే ఆపేశాడు. దాన్ని మెచ్చుకుంటూ సేఫ్టీ వారోత్సవంలో పెద్ద సాబ్ స్వయంగా అతని మెడలో దండ వేసి, "ఈ జెండా ముందు నేనూ ఒక కూలివాణ్నే!" అని హిందీలో ఉపన్యాసం దంచాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఫ్లాగ్‌మన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు, ఆ మాటని నమ్మాడు. ట్రయల్ కోసం అతన్నే గని నుంచి బజారుకి బదిలీ చేశారు.

ఆదివారం వచ్చింది. సంత రోజు వద్దు సార్ అని నేనంటే, "ఫుల్ లోడు మీద టెస్టు చేస్తేనే టెస్టు" అని సేఫ్టీ ఆఫీసరు కొట్టిపారేశాడు. సందుకి అటూ ఇటూ మట్టికట్టలు లేచాయి. డంపర్ చక్రం మనిషిని మించిన ఎత్తు, అందులో సగమంటే నడుము దాటి వచ్చింది. చీరల దుకాణం ముందు కట్ట పడేసరికి అందులోని బొమ్మలకి తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. దుకాణదారు నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. రూలు ప్రకారం స్కూటర్లన్నిటికీ పొడుగు వెదురు కర్రలు, కొసన ఎర్ర గుడ్డలు. బడి హెడ్మాస్టరు తన లూనాకి కర్ర కట్టుకుని వస్తుంటే అది కరెంటు తీగకి తగిలి ఆయన దిగి నడిపించుకుని వచ్చాడు. చూసేవాళ్లకి ఏ జాతర బయలుదేరిందో అర్థం కాలేదు.

కొంటా అక్క మాటిచ్చినట్టే లేచింది. జాగా ఖాళీ. పెద్ద సాబ్ తెల్ల కారు బంగళాల వైపు నుంచి మెల్లగా వచ్చి, సందు ముందు రిబ్బన్ దగ్గర ఆగింది. వెనక ఆఫీసర్ల కార్లు, ఆ వెనక జెండాల స్కూటర్లు. సేఫ్టీ ఆఫీసరు రిబ్బన్ తీశాడు. అందరం చప్పట్లకి చేతులెత్తాం.

విజిల్ మోగింది. ఎర్ర జెండా లేచింది.

కొండ బాట మీద నుంచి ఆడవాళ్లు వరసగా దిగుతున్నారు. వాళ్లు ఎప్పుడూ ఒకరి వెనక ఒకరే నడుస్తారు, పక్కపక్కన నడవరు. అడవి బాట అంత సన్నం. నెత్తిన చింతపండు మూటలు, ఆకు బుట్టలు, ఇప్పపువ్వు గంపలు. ఫ్లాగ్‌మన్ కారు వైపు తిరిగి, "ఖాళీ గాడీ రుకో! లోడ్ పహలే!" అని అరిచాడు. ఖాళీ బండి ఆగాలట, లోడు ముందట. కారు ఆగింది. పెద్ద సాబ్ కిటికీలోంచి హుందాగా తలూపాడు. రూలు అమలవుతోందని సేఫ్టీ ఆఫీసరు ముఖం వెలిగిపోయింది.

వరస అయిపోవచ్చింది. చివర్లో కుంటుకుంటూ కొంటా అక్క, నెత్తిన ఎండుచేపల గంప. ఆమె సందు దాటింది. డ్రైవరు గేరు వేశాడు. ఆమె అవతలి కట్ట దాకా పోయి కూడా గంప దించలేదు. గిర్రున తిరిగి, వచ్చిన దారినే మళ్లీ నడవడం మొదలుపెట్టింది. ఆమె వెనక అంతా తిరిగారు.

విజిల్ మోగింది. జెండా మళ్లీ లేచింది.

ఇవతలికి వచ్చారు, మళ్లీ తిరిగారు. చూస్తుండగానే తలా తోకా కలిసిపోయి ఒక చుట్టు అయింది. దానికి మొదలు లేదు, చివర లేదు, బరువు మాత్రం ఉంది. ఎవరూ నినాదాలివ్వలేదు, ఎవరూ కారు వంక చూడలేదు. బజారుకి వచ్చినవాళ్లు బజారులో నడుస్తున్నారు, అంతే. మధ్యలో ఎవరో గోండీలో ఏదో అంటే అందరూ పగలబడి నవ్వారు. ఎండ ముదిరింది. అంబాసిడర్ కిటికీలు మూస్తే ఉడుకు, తెరిస్తే కొంటా అక్క వచ్చిన ప్రతిసారీ శబరి చేపల వాసన. డ్రైవరు హారన్ కొట్టాడు. దాటేచోట హారన్ నిషిద్ధమన్న బోర్డు వైపు ఫ్లాగ్‌మన్ వేలు చూపించాడు. ఆ బోర్డు రాయించింది నేనే, అక్షరాలు బాగా కుదిరాయి.

పెద్ద సాబ్ సేఫ్టీ ఆఫీసర్ని పిలిచాడు. "వాణ్ని అక్కడ్నుంచి తీసెయ్!"

"సార్, డ్యూటీలో ఉన్న ఫ్లాగ్‌మన్‌ని బదులు మనిషి రాకుండా తీయకూడదండి. మన రూలేనండి" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ. బదులు మనిషి కొండ మీద గనిలో ఉన్నాడు. సేఫ్టీ ఆఫీసరు నా వంక చూశాడు. నేను మేక వంక చూశాను. అది మట్టికట్ట ఎక్కి చీరల దుకాణం బొమ్మని వాసన చూస్తోంది.

చివరికి పెద్ద సాబ్ కారు దిగాడు. కోపంతో ఎర్రబడి, నడిచి దాటిపోదామని అడుగు వేశాడు. జెండా అడ్డం పడింది.

"సాబ్, ఆప్ ఖాళీ హాథ్. రుకియే." చేతులు ఖాళీ, ఆగండి అన్నాడు, ఎంతో మర్యాదగా. సెల్యూట్ కూడా కొట్టాడు.

పాపం వీడి ఉద్యోగం పోయింది, వీడితో పాటు నాదీ పోయింది అనుకున్నాను. పెద్ద సాబ్ తన చేతులకేసి చూసుకున్నాడు. అప్పుడు ఎదురుగా వస్తున్న కొంటా అక్కని చూశాడు. ఆమె కాలు ఎత్తి వేసినప్పుడల్లా గంప ఓ పక్కకి ఒరిగి మళ్లీ నిలబడుతోంది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. అప్పటికి ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికీ లెక్క లేదు.

"ఈమె ఎక్కడికి పోవాలి?" అని నన్నడిగాడు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు సార్. మీరు నిలబడ్డ చోటే ఆమె కూచునే చోటు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకిప్పటికీ తెలియదు. పదవీ విరమణ దాకా నేను పై ఆఫీసరుతో చెప్పిన నిజం బహుశా అదొక్కటే.

ఆయన కాళ్ల కింద నేలకేసి ఓసారి చూసి, పోయి కార్లో కూచున్నాడు. వెనకున్న కార్లు, ఆ వెనకున్న స్కూటర్లు ఒక్కొక్కటే వెనక్కి తిరిగితే గానీ ఆయన కారు కదలలేదు. వెదురు కర్రలు ఒకదానికొకటి చిక్కుకుని హెడ్మాస్టరు జెండా డాక్టరు మోపెడ్‌కి పోయింది. తెల్ల కారు ఖనిజం దారిన చుట్టు తిరిగి, ఎర్రగా క్లబ్బుకి చేరింది.

మూడో మీటింగు చిన్నది. పెద్ద సాబ్ గంభీరంగా, "ట్రయల్ సంపూర్ణంగా విజయవంతమైంది. రోజంతా ఒక్క అంబులెన్స్ కూడా రాలేదు కాబట్టి దారి అవసరం లేదని తేలింది" అన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టాం. ఆ ఎలుకని మొదటి మీటింగులోనే డాక్టరు తోక పట్టుకుని చూపించాడు గానీ, అప్పుడు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. కట్టలు తవ్వించాం. చీరల బొమ్మలకి ఒళ్లు తిరిగొచ్చింది. కొంటా అక్క గంప దించుకుని తన చోట కూచుంది. "ఏం తమ్ముడా, మీ రూలు మంచిగనే పనిచేసింది గదా" అంది. అవునక్కా అన్నాను. ఇంకేమనను?

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఫ్లాగ్‌మన్‌ని బజారుకి బదిలీ చేసిన ఆర్డరు ఉంది, తిరిగి పంపే ఆర్డరు లేదు. అడిగితే ఆ ఆదివారం గుర్తొస్తుందని ఎవరూ అడగలేదు. అతను ఏళ్ల తరబడి ఆ సందు దగ్గరే, గంజి పెట్టిన ఖాకీలో, ఆవులనీ మేకలనీ స్కూలు పిల్లల్నీ ఆపుతూ నిలబడ్డాడు. నవ్వుకున్నాం మొదట్లో. తర్వాత చూస్తే, సంతరోజు మూటలతో వచ్చే ఆడవాళ్లకి ఎవరైనా అడ్డం పడితే విజిల్ వేసేవాడు. లోడుకి అడ్డం పడకూడదు గదా. కోచియాలు లంచానికి లొంగనివాణ్ని చూశారు గానీ, ఆలోచించనివాణ్ని ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆ బాట కాయడమే మానేశారు.

ఇక నా రిటైర్మెంటు. సభ పెట్టారు, శాలువా కప్పారు, నా గురించి నాకే తెలియని గుణాలు చెప్పారు. ఆచారం ప్రకారం ఆఫీసు జీపులో ఇంటికి దింపడానికి బయలుదేరారు. బజారు గొట్టాల దగ్గరికి వచ్చేసరికి, చుట్టు తిరిగి పోదామన్నాడు డ్రైవరు. ఇక్కడే దింపెయ్, నడిచిపోతానన్నాను. శాలువా, దండలు, గోడ గడియారం అన్నీ జీపులోనే ఉంచి ఇంటికి పంపించేశాను. చాలా ఏళ్ల తర్వాత చేతిలో ఏ కాగితమూ లేకుండా ఆ బజారులో నడిచాను. హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సందు దగ్గర విజిల్ మోగింది. ఎర్ర జెండా నా ఛాతీ ముందు నిలబడింది. కొండ బాట మీద నుంచి ఒకావిడ చింతపండు మూటతో దిగుతోంది.

"సాబ్, ఖాళీ" అన్నాడు ఫ్లాగ్‌మన్. వెక్కిరింపు కాదు, వాడికి వెక్కిరించడం రాదు. ఉన్నమాట చెప్పాడు. అవును, ఖాళీనే. నిన్నటిదాకా ఈ వీధి దీపం ఆరిపోతే నాకు నిద్రపట్టేది కాదు. ఇవాళ్టి నుంచి ఈ ఊళ్లో ఏది ఆరినా నాది కాదు. కళ్లు చెమర్చాయి, దాచుకోను. నిలబడిపోయాను.

కొంటా అక్క తన చోట్లోంచే అంతా చూస్తోంది. జుట్టు నెరిసింది, కాలు ఇంకా కుంటుతోంది. నేలకి చెయ్యి ఆన్చి లేచి, ఆకులో నాలుగు చేపలు చుట్టి, దారం కట్టి, నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆమెకి నాతో ఏ పనీ లేదు.

"తమ్ముడా, పట్టు" అంటూ పొట్లం నా చేతిలో పెట్టింది. ఫ్లాగ్‌మన్ వైపు తిరిగి, "చూసినవా? సారు గూడ లోడే. జెండా దించు" అంది.

వాడు పొట్లాన్ని చూశాడు. రూలు గుర్తు చేసుకున్నాడు. ఎర్రది దించి పచ్చది ఎత్తి, మడమలు తాటించి సెల్యూట్ కొట్టాడు.

పొట్లం నిజానికి అరచేతిలో పట్టేంతే. అయినా అవతలి వైపు చేరేదాకా దాన్ని రెండు చేతులతో మోశాను.